20 శాతం డిస్కౌంట్ వచ్చినా మందుల బిల్లు తగ్గకపోతే

మీ నాన్నగారి బీపీ, షుగర్ మాత్రలకు ఆన్‌లైన్‌లో 20 శాతం తగ్గింపు వస్తున్నా బిల్లు దిగట్లేదన్నారు. బహుశా బ్రాండ్ పేరుతో వెతుకుతున్నారు. తగ్గింపు లెక్క ఎమ్మార్పీ మీదే, ఆ ఎమ్మార్పీయే ఎక్కువ.

1. స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, మిల్లీగ్రాములు రాసుకుని వాటితోనే వెతకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: పేరు చివరి అక్షరాలు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ 500 వేరు, మెట్‌ఫార్మిన్ 500 ఎస్‌ఆర్ వేరు. ఎస్‌ఆర్ మాత్ర ఒంట్లో మెల్లగా విడుదలవుతుంది, దాన్ని నలిపి వేసుకోకూడదు. బీపీ మందు టెల్మిసార్టాన్ 40 పక్కన ఏఎమ్ ఉంటే సాధారణంగా ఆమ్లోడిపిన్, హెచ్ ఉంటే హైడ్రోక్లోరోథయజైడ్ అనే ఇంకో మందు కలిసినట్టు. చవగ్గా ఉందని ఈ అక్షరాలు లేనిది తెప్పిస్తే ఒక మందు తగ్గిపోయినట్టే. స్ట్రిప్ వెనక ఉన్న కూర్పును అక్షరం అక్షరం సరిపోల్చండి.

3. ధర మాత్రకు ఎంతో చూడండి. ఒక స్ట్రిప్‌లో 10, ఇంకోదాంట్లో 15 ఉంటాయి. డెలివరీ ఛార్జీ కూడా కలపండి.

4. అదే కూర్పు ప్రభుత్వ జెనరిక్ మందుల దుకాణం జన్ ఔషధిలో ఎంతో 'జన్ ఔషధి సుగమ్' యాప్‌లో తెలుస్తుంది, దగ్గరి కేంద్రం కూడా.

5. చీటీలో బ్రాండ్ పేరే ఉంటే ఫార్మసీ దాన్నే పంపుతుంది. ఈసారి డాక్టర్‌గారిని జెనరిక్ పేరు, అంటే అసలు మందు పేరు రాయమని అడగండి.

థైరాయిడ్, ఫిట్స్, రక్తం పలుచబడే మందులు మాత్రం డాక్టర్‌ని అడగకుండా కంపెనీ మార్చవద్దు.