మన దేశంలో వీధికుక్కలు, పెంపుడు కుక్కలు ఎన్నో ఎలా అంచనా వేస్తారు?

పెంపుడు కుక్కల లెక్క కొంత సులువు. పశుగణన సిబ్బంది ఇంటింటికీ వెళ్లి అడిగి నమోదు చేసుకుంటారు. వీధికుక్కల గురించి అలా చెప్పేవారుండరు కనుక, గణనలో వచ్చిన సంఖ్యలను (2012లో సుమారు 1.71 కోట్లు, 2019లో 1.53 కోట్లు) కనీస అంచనాలుగానే చూడాలని నా అభిప్రాయం.

ఇంతకంటే నమ్మదగిన పద్ధతి, ఎంచుకున్న వీధుల్లో తెల్లవారుజామున కనిపించిన కుక్కలను ఫొటోలతో గుర్తుపెట్టుకొని, మరునాడు అక్కడే మళ్లీ లెక్కించడం. తొలిరోజు 60 గుర్తించి, రెండోరోజు చూసిన 50లో పాతవి 20 ఉంటే, 60ని 50తో హెచ్చించి 20తో భాగించగా మొత్తం 150 అని తేలుతుంది. పగలు వీధిలో తిరిగి రాత్రికి ఇల్లు చేరే కుక్క పెంపుడు కుక్కల జాబితాలోకీ, వీధికుక్కల జాబితాలోకీ రెండింటిలోకీ ఎక్కకుండా చూసుకోవాలి. రేబిస్‌ను అరికట్టాలంటే కనీసం 70 శాతం కుక్కలకు టీకా వేయాలి కాబట్టి, ఎన్ని టీకాలు కావాలన్నది ఈ అంచనాపైనే ఆధారపడుతుంది.