స్పెక్ట్రమ్ పొదుపా, సద్వినియోగమా?

ప్రశ్న: మా అబ్బాయి సైన్స్ పుస్తకంలో ఫ్రీక్వెన్సీకి ‘పౌనఃపున్యం’ అని, స్పెక్ట్రమ్‌కి ‘వర్ణపటం’ అని ఉంది. పేపర్లో మాత్రం సెల్‌ఫోన్ల స్పెక్ట్రమ్ గురించి ‘తరంగాలను పొదుపుగా వాడాలి’ అని రాశారు. ఏది సరైన వాడుక? (ఏలూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందుగా ఒక మాటండి, మీరు పౌనఃపున్యం అని విసర్గతో సహా రాశారు, ఆ మాత్రానికే నాకు ప్రాణం లేచొచ్చింది, ఈమధ్య గైడ్లలో యూట్యూబ్ పాఠాల్లో ‘పౌనపుణ్యం’ చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. అందులో పుణ్యం లేదండీ, ఉన్నది పునః. ‘పునః పునః’ అంటే మళ్లీ మళ్లీ, అలా మళ్లీ మళ్లీ జరగడమే పౌనఃపున్యం. ఇది ఫిజిక్స్ కోసం కొత్తగా పుట్టిన మాట కాదు, పాణిని సూత్రాలకి వ్యాఖ్యానమైన కాశికావృత్తిలో క్రియ పదేపదే జరగడాన్ని చెప్పడానికి ఈ మాటే వాడారు. సంస్కృతంలో ‘పచతి’ అంటే వండుతున్నాడు, ‘పాపచ్యతే’ అంటే అదేపనిగా వండుతున్నాడు, ధాతువు మొదటి అక్షరం రెండుసార్లు పడింది చూడండి. మన తెలుగులో ఆ పని ఆమ్రేడితం చేస్తుంది, పదేపదే, మాటిమాటికీ, ఊరూరా ఇలా. క్రియ మళ్లీ మళ్లీ జరగడానికున్న పేరుని అల మళ్లీ మళ్లీ రావడానికి తీసుకున్నారు, పారిభాషిక పదాల్లో ఇంత చక్కటి ఎంపిక నాకు ఇంకోటి కనపడదు. 98.3 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి 9 కోట్ల 83 లక్షల ‘పునః’లు!

అసలు మీరడిగిన పొదుపు సంగతి కూడా ఈ పునఃలోనే ఉంది. మిర్చి ఎఫ్ఎమ్ హైదరాబాద్‌లో 98.3, విజయవాడలో 98.3, విశాఖలోనూ 98.3, అయినా ఒకదానికొకటి అడ్డురావు, ఎఫ్ఎమ్ తరంగం అంత దూరం పోదు కాబట్టి. సెల్ టవర్ల కిటుకూ ఇదే, ఊరిని చిన్నచిన్న ముక్కలుగా (వీటినే సెల్స్ అంటారు) విడగొట్టి ఇక్కడ వాడిన ఫ్రీక్వెన్సీనే 2జీ రోజుల్లో ఒకట్రెండు సెల్స్ అవతల మళ్లీ వాడేవారు, 4జీలో పక్క సెల్లోనే వాడేస్తున్నారు, సెల్ చిన్నదయ్యేకొద్దీ అదే స్పెక్ట్రమ్, అంటే అవే ఫ్రీక్వెన్సీలు, ఇంకా ఎక్కువమందికి సరిపోతాయి.

దీన్ని పొదుపు అనడానికి నాకు మనసొప్పదు. పొదుపంటే ఇవాళ ఖర్చుపెట్టకుండా రేపటికి దాచుకోవడం, డ్వాక్రా సంఘంలో ఏ అక్కనడిగినా చెబుతుంది. ఈ సెకనులో ఖాళీగా వదిలేసిన ఫ్రీక్వెన్సీ రేపటికి మిగలదు, ఆ సెకనుతోపాటే పోతుంది. వాడకపోతేనే దండగయ్యేదాన్ని పొదుపు చేయమని ఎలా రాస్తారు? ఈ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, మనందరి ఆస్తి గురించి రాసేటప్పుడైనా మాట అర్థం చూసుకోవద్దా! సద్వినియోగం అనొచ్చు, ‘ఎక్కువమందికి సరిపోయేలా వాడటం’ అంటే ఇంకా హాయి. కాకపోతే ‘నీళ్లు పొదుపుగా వాడు’ అన్నప్పుడు వృథా చేయకు అనే అర్థం కూడా జనంలో ఉంది, అందుకని పూర్తిగా తప్పని కొట్టేయలేను.

వర్ణపటం ఇంద్రధనుస్సు రంగులకి బాగుంటుంది, రేడియోకి రంగులేదు గనక స్పెక్ట్రమ్ అనే ఉంచేయండి. స్పెక్ట్రమ్ వేలం వార్తల్లో తరంగాలు అన్నా చెల్లుతుంది. పౌనఃపున్యం మాత్రం మీ అబ్బాయి చేత విసర్గ వినపడేలా పలికించండి.