బజ్జీల పొట్లంలో రోగి రిపోర్టు దొరికితే

బజ్జీలు కట్టిచ్చిన కాగితం ఎవరిదో హెచ్‌ఐవీ పరీక్ష రిపోర్టని, పేరు, ఫోన్ నంబరు కూడా ఉన్నాయని, ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశారు. ముందు ఒక్క మాటండీ, దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. ఆస్పత్రిని నిలదీయడానికే అయినా సరే, ఆ మనిషి మళ్లీ వీధిన పడతారు.

కాగితాన్ని కవర్లో పెట్టి అంటించి, ఆస్పత్రి సూపరింటెండెంటుకు ఉత్తరంతో పాటు ఇవ్వండి. ఉత్తరంలో రోగి పేరు వద్దు, ఎప్పుడు ఎక్కడ దొరికిందో చాలు. ఉత్తరం నకలు మీద అందినట్టు సంతకం, ముద్ర తప్పకుండా తీసుకోండి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఈ వివరాలు భద్రంగా ఉంచే బాధ్యత ఆస్పత్రిదే. జవాబు రాకపోతే, ఆ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్‌కు, అంటే ఫిర్యాదులు విచారించే అధికారికి, ఫిర్యాదు చేయొచ్చు.

బజ్జీల బండి అతన్ని ఏమీ అనకండి. ముక్కలు చేయకుండా పాత పేపర్లకు అమ్మినవాళ్లదే తప్పు.