క్రోమ్‌లో మార్చినా హోమ్ స్క్రీన్‌లో గూగులే వస్తోందంటే

క్రోమ్‌లో సెర్చ్ ఇంజిన్‌ను డక్‌డక్‌గోకి మార్చినా, హోమ్ స్క్రీన్ మీది పెట్టెలో వెతికితే గూగులే వస్తోందన్నారు. మీరు చేసినదాంట్లో తప్పేం లేదండీ. ఆ పెట్టె క్రోమ్‌ది కాదు, గూగుల్ యాప్‌ది. క్రోమ్ సెట్టింగ్ దానికి పట్టదు. దాన్ని నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో తీసేయొచ్చు. తర్వాత డక్‌డక్‌గో యాప్ వేసుకుని, తెరమీద ఖాళీ చోట నొక్కి పట్టి, విడ్జెట్లలోంచి దాని పెట్టెను తెచ్చి పెట్టుకోండి. లింకులు కూడా అందులోనే తెరుచుకోవాలంటే సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్‌కి వెళ్లి బ్రౌజర్ మార్చండి. కొన్ని ఫోన్లలో ఆ గూగుల్ పెట్టె అస్సలు కదలదు. అప్పుడిక వేరే లాంచర్ (హోమ్ స్క్రీన్‌ను నడిపే యాప్) వేసుకోవడమే.

"ఎవరైనా మార్చుకోవచ్చు కదా, మరి గూగుల్ మీద కేసులెందుకు?" అనీ అడిగారు. మార్చుకోవచ్చు, మార్చేవాళ్లే తక్కువ. అందుకే డిఫాల్ట్‌గా ఉండటానికి గూగుల్ ఒక్క 2021లోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. అందులో పెద్ద వాటా ఆపిల్‌ది. ఊరికే ఎవరిస్తారు అంత డబ్బు? 2024 ఆగస్టులో అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా దీన్ని చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యంగా తేల్చారు. 2025 సెప్టెంబరులో మాత్రం పోటీదారులకు చోటివ్వని ఒప్పందాలను ఆపారు గానీ, డబ్బివ్వడాన్ని ఆపలేదు. నాకైతే అది సగం వైద్యంలా అనిపించింది.

మన దగ్గర 2022 అక్టోబరులో, మార్కెట్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే సంస్థ సీసీఐ, ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాతే, కొత్త ఫోన్ సెటప్‌లో సెర్చ్ ఇంజిన్ ఎంచుకునే వీలు ఇస్తామని గూగుల్ ప్రకటించింది. ఈసారి ఫోన్ మార్చినప్పుడు ఆ తెర కనిపిస్తే కంగారులో నెక్స్ట్ నొక్కేయకండి.