పాత డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చబోతున్న అమ్మడికి

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటో నిన్న రాత్రి పెద్దది చేసి చూశాను. 2012లో మీ నాన్న ఆ డెస్క్‌టాప్ కొన్నప్పుడు విశాఖ ద్వారకానగర్‌లో మా షాపు బల్ల మీద దాన్ని బిగించింది నేనే. లోపల ఐ3 2100 ప్రాసెసర్, హెచ్61 రకం మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్. ఇప్పుడు అందులో ఐ7 వెయ్యొచ్చా అని అడిగావు. వెయ్యొచ్చు. కానీ డబ్బు తీసే ముందు ఒక్క పని చెయ్యి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. నిన్ను ఏ పని విసిగిస్తోందో ఆ పనే చేస్తూ అక్కడి అంకెలు చూడు. డిస్క్ 100 శాతం దగ్గర ఉండిపోయి, ప్రాసెసర్ 20, 30 మధ్య తిరుగుతుంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు, ఆ పాత హార్డ్ డిస్క్‌ది. దాని బదులు ఒక ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్, వేస్తే చాలు. ఆ బోర్డులో డిస్క్ తగిలించే సాటా కనెక్షన్ పాత వేగానిదే అయినా తేడా మొదటి రోజే తెలుస్తుంది. మెమరీ 90 దాటుతుంటే ర్యామ్ 8 జీబీ చెయ్యి. ప్రాసెసర్ మార్చమని మా షాపుకి వచ్చినవాళ్ళలో చాలామందికి ఎస్ఎస్‌డీ వేసి పంపించాను, వాళ్ళు మళ్ళీ ప్రాసెసర్ ఊసెత్తలేదు. కోడ్ కంపైల్ చేసేటప్పుడో, వీడియో ఎక్స్‌పోర్ట్ అయ్యేటప్పుడో ప్రాసెసర్ 100 తాకి కిందికి దిగకపోతే, అప్పుడు నీ ఆలోచన కరెక్టే.

ఇక ఏ ప్రాసెసర్ అన్నది. మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ 1155 రకం. ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు మాత్రమే అందులో కూర్చుంటాయి. ఐ7 అన్నంత మాత్రాన సరిపోదు. ఐ7 4770 నాలుగో తరానిది, దాని సాకెట్ 1150, ఇందులో పట్టదు. నీకు కావాల్సింది ఐ7 3770. ఇప్పుడున్న దాంట్లో రెండు కోర్లు (పని చేసే బుర్రలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). 3770లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. కరెంటు 65 వాట్ల నుంచి 77 వాట్లకే పెరుగుతుంది కాబట్టి లోపల కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టె బాగుంటే మార్చక్కర్లేదు. 3770 దొరక్కపోతే ఐ5 3470 తీసుకో, అదీ నాలుగు కోర్లదే. నంబరు చివర 'పీ' అక్షరం ఉన్నవి మాత్రం వద్దు. వాటిలో గ్రాఫిక్స్ ఉండదు, మీకు విడిగా కార్డు లేదు కాబట్టి మానిటర్ నల్లగానే ఉండిపోతుంది.

కొనేముందు ఇంకో సంగతి కూడా ఆలోచించు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే లెక్క. 3770 వేసినా ఆ గీత దాటలేవు. విండోస్ బదులు లైనక్స్ వేసుకుని వాడుకుంటానంటే ఈ ఖర్చు పెట్టు. విండోస్ 11 తప్పదంటే ఆ డబ్బు దాచుకుని కొత్త బోర్డుకే పెట్టు. ఇందులో మొహమాటపడొద్దు.

అందరూ మర్చిపోయేది బయోస్, అంటే మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం. మూడో తరం ప్రాసెసర్ 2012లో వచ్చింది, హెచ్61 బోర్డులు అంతకు ఏడాది ముందే వచ్చాయి. పాత బయోస్‌కి కొత్త ప్రాసెసర్ ఎవరో తెలియదు. అందుకే పాత ప్రాసెసర్ లోపల ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యాలి. బోర్డు మీద అచ్చువేసిన మోడల్, రివిజన్ నంబర్లు రాసుకుని, తయారీదారు వెబ్‌సైట్‌లో 3770 పేరు ఉందో లేదో చూడు. లేకపోతే అక్కడితో ఆపెయ్యి. ఉంటే యూపీఎస్ మీద పెట్టి చెయ్యి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మన వాళ్ళు డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటారు కాబట్టి, నువ్వు ప్రాసెసర్ అనే అడుగు. నీ కళ్ళ ముందే ఒక బోర్డులో వేసి, బయోస్ తెరమీద పేరు చూపించమను.

విప్పేటప్పుడు తొందరపడకు. ముందు పది నిమిషాలు మెషీన్ నడిపించు, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసే పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, అది కాస్త మెత్తబడుతుంది. తర్వాత ఆపి, వైరు పీకి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవడానికి కేబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకో. ప్రాసెసర్ మీది హీట్ సింక్‌ని, అంటే కూలర్‌ని, అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతూ పైకి తియ్యి. సాకెట్ మూత తీశాక సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వెయ్యి. 1155 పిన్నులు నాట్లు వేసిన వరిమడిలా వరసలు వరసలుగా మెరుస్తాయి. ఎక్కడైనా ఒక చుక్క మెరుపు తప్పితే అక్కడ పిన్ను వంగిందని అర్థం. ఒక వేసవిలో చెమట పట్టిన వేళ్ళతో ఓ కస్టమర్ బోర్డులో ప్రాసెసర్ పెడుతూ జారవిడిచాను. నాలుగు పిన్నులు వంగాయి. సూదితో మూడు సర్దాను, నాలుగోది విరిగిపోయింది. నా డబ్బుతో కొత్త బోర్డు కొనిచ్చాను. అప్పటి నుంచి చేతులు తుడుచుకోకుండా సాకెట్ తెరవలేదు.

ప్రాసెసర్ మూలనున్న చిన్న బంగారు రంగు త్రిభుజం, సాకెట్ మీది గుర్తు కలిపి, అంచులు పట్టుకుని వదులు. నొక్కకు. మూత మూసి లివర్ దించేటప్పుడు కిర్రుమని చప్పుడొస్తుంది, భయపడకు. పేస్ట్ మధ్యలో కందిగింజంత చాలు. కూలర్ నాలుగు పిన్నులూ ఎదురెదురు మూలలుగా నొక్కు, ప్రతిదీ టక్ మనాలి. వెనకనుంచి చూసి నాలుగూ బయటికి వచ్చాయో లేదో సరిచూసుకో. నీ పాత ఐ3 కూలర్ పలచనిది, వీలైతే నాలుగు కోర్ల ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్ అడుగు. 1150, 1151 వాటికిచ్చిన ఇంటెల్ కూలర్లు కూడా ఇందులో సరిపోతాయి. పని ఎక్కువున్నప్పుడు వేడి 80 డిగ్రీలు దాటితే మళ్ళీ విప్పి చూడు.

మీ ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర. అన్నిటికంటే నా బెంగ అదే. ఉప్పుగాలికి ర్యామ్ అంచులు నల్లబడతాయి, స్క్రూలు తుప్పు పడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకాక ఆ వైపు ఇళ్ళ నుంచి వచ్చిన కేబినెట్లు విప్పితే బోర్డుల మీద పచ్చగా పొరలు కనిపించేవి. ర్యామ్ అంచుల్ని మెత్తటి రబ్బరుతో తుడు. బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడు. ఒక్కటి ఉబ్బినా ఆ బోర్డు మీద రూపాయి పెట్టొద్దు.

నువ్వు పంపిన ఫొటోలో ఆ కెపాసిటర్లు సరిగ్గా కనబడలేదు. సాకెట్ పక్కనున్నవి దగ్గర నుంచి ఇంకో ఫొటో తీసి పంపించు. అంతా బాగుంటే ఆదివారం గాజువాక నుంచి నేనే పేస్ట్, బ్రష్ పట్టుకుని వస్తాను.

మీ పెదనాన్న