గుల్లల తవ్వకం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మొదటిసారి సముద్రతీరాన గుల్లలు (ఇసుకలో బతికే, తినే చిప్పజీవులు) తవ్వడానికి వెళ్లాం. రెండు గంటలు కష్టపడినా ఖాళీ చిప్పలే దొరికాయి. ఎందుకని?

జవాబు: చాలావరకు వేళ కుదరకే ఇలా అవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ సముద్రం బాగా వెనక్కి తీస్తుంది. ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నీరు పూర్తిగా తగ్గే సమయానికి గంటన్నర ముందే దిగండి. పోటు మొదలవగానే ఒడ్డుకు వచ్చేయాలి. మీ వెనకున్న పల్లం ముందు నిండితే దారి మూసుకుపోతుంది.

ఊరికే తవ్వకండి, ముందు గుర్తులు వెతకండి. గుల్ల నీరు పీల్చి వదిలే గొట్టాల వల్ల తడి ఇసుక మీద చిన్న రంధ్రాలు, ఒక్కోసారి 8 అంకెలా జంట రంధ్రాలు పడతాయి. పక్కన కాలితో తడితే నీరు చిమ్మిందంటే గుల్ల ఉన్నట్టే. రంధ్రం మీదే పార దించితే చిప్ప పగులుతుంది, జానెడు పక్కగా దించండి. మందపాటి చిప్ప గల రకాలు చాలావరకు 5–10 సెంటీమీటర్ల లోతులోనే ఉంటాయి, చేతి గొర్రు చాలు. పలుచని చిప్పవి 20–30 సెంటీమీటర్ల దాకా దిగుతాయి. వాటిని చేత్తో తీయాలి.

గుంత తప్పకుండా పూడ్చండి. తవ్విపోసిన కుప్ప కింద పడిన పిల్ల గుల్లలు గొట్టం పైకి అందక చచ్చిపోతాయి. ఎంత సైజువి, ఎన్ని తీయవచ్చు, లైసెన్సు కావాలా అన్నది ముందే కనుక్కోండి. చిన్నవి దొరికితే అక్కడే తిరిగి పాతిపెట్టాలి.

ప్రశ్న: రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టినా ఇసుక పోలేదు, సగం చచ్చిపోయాయి.

జవాబు: మంచినీరే వాటిని చంపింది. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలపండి. వెడల్పు గిన్నెలో ఒకే వరుసగా, మునిగీ మునగనట్టు ఉంచండి. నీరు లోతుగా ఉంటే ఊపిరాడదు. అడుగున జల్లెడ ఉంటే వదిలిన ఇసుకను మళ్లీ పీల్చవు. చల్లగా, చీకటిగా ఉన్నచోట రెండు మూడు గంటలు ఉంచండి. తట్టినా మూసుకోనిదాన్ని, ఉడికాక తెరుచుకోనిదాన్ని పారేయండి.

ప్రశ్న: విషపు నాచు భయం ఉన్నప్పుడు బాగా ఉడికిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. ఆ సూక్ష్మ నాచును వడకట్టి తిన్న గుల్లలో సాక్సిటాక్సిన్ అనే విషం చేరుతుంది. మరిగించినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా అది పోదు. రుచిలో, వాసనలో తేడా తెలియదు, నాచు వల్ల నీరు ఎర్రబడకపోయినా విషం ఉండొచ్చు. అందుకే బయల్దేరే రోజే ఆ తీరం తవ్వకానికి తెరిచి ఉందో లేదో అధికారుల ప్రకటనలో చూడండి. నీటిని, గుల్లలను పరీక్షించే ఏర్పాటే లేని తీరంలో తవ్వినవి తినకండి. పెద్ద వాన తర్వాత మురుగు చేరుతుంది కనుక అప్పుడూ వద్దు. తిన్నాక పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆ విషం ఊపిరి తీసే కండరాలను స్తంభింపజేస్తుంది.