లూసీ, డెసీల మ్యూజియానికి వెళ్లే ముందు

అమ్మడూ,

పిల్లలకి సెలవులివ్వగానే మీ అత్తగారిని కూడా తీసుకుని జేమ్స్‌టౌన్ వెళ్తున్నామని, అక్కడ పాత అమెరికన్ టీవీ హాస్యనటులు లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్‌ల మ్యూజియం చూస్తామని రాశావు. చాలా సంతోషమేసింది. "ఎంతసేపు పడుతుంది పెద్దమ్మా, పిల్లలకి విసుగొస్తుందేమో" అని అడిగావు. ఆ రెండూ మీరు ఇక్కణ్నించి ఏం చూసి బయల్దేరతారన్న దాని మీద ఆధారపడి ఉంటాయి. ఏమీ చూడకుండా వెళ్తే అవి పాత గౌన్లు, పాత కాగితాలు, ఒక సోఫా. అరగంటలో బయటికొచ్చేసి ఐస్‌క్రీం ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటారు. చూసి వెళ్తే మాత్రం పూట గడిచిపోయినా తెలియదు.

అందుకని మొదటి పని ఇంట్లోనే మొదలుపెట్టు. వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలుగా నటించిన టీవీ కామెడీ 'ఐ లవ్ లూసీ' 1951 అక్టోబరు 15న మొదలై 1957 మే దాకా ఆరు సీజన్లు వచ్చింది. మొత్తం 180 ఎపిసోడ్లు. అన్నీ చూడక్కర్లేదు. లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ చాక్లెట్ ఫ్యాక్టరీలో పనికి కుదిరేది ఒకటి, లూసీ టానిక్కు ప్రకటనలో నటించేది ఒకటి, బిడ్డ పుట్టే ఎపిసోడ్ ఒకటి, హాలీవుడ్ వెళ్లాక వచ్చినవాటిలో ఏదో ఒకటి. ఈ నాలుగూ చాలు. హాలీవుడ్‌ది ఎందుకంటే, వాళ్లు దిగిన హోటల్ గదిని మ్యూజియంలో తిరిగి కట్టి పెట్టారు. న్యూయార్క్ ఫ్లాటులోని హాలు, వంటిల్లు కూడా ఉన్నాయి.

చాక్లెట్ ఎపిసోడ్‌ని మాత్రం రెండుసార్లు చూడండి. మొదటిసారి హాయిగా నవ్వుకోండి. రెండోసారి సౌండు తీసేసి చూడండి. బెల్టు మీద చాక్లెట్లు నెమ్మదిగా వస్తున్నంతసేపూ ఇద్దరూ ఎంత ఒద్దికగా కాగితం చుడతారో, వేగం పెరిగేకొద్దీ చేతులు ఎక్కడెక్కడికి పోతాయో, నోట్లోకి, టోపీలోకి, జాకెట్లోకి ఏది ముందు ఏది వెనక వెళ్తుందో గమనించండి. ఆ తొందరంతా లెక్క ప్రకారం జరుగుతోంది. ఎథెల్‌గా వేసిన వివియన్ వాన్స్ ఎక్కడా లూసీకి అడ్డం రాదు, అలాగని ఒక్క క్షణం ఊరికే ఉండదు. మీ అత్తగారికి ఇంగ్లీషు మాటలు అందవని బెంగపడుతున్నావు కదా, అసలు ఆ ఎపిసోడ్‌కి మాటలతో పనేముంది? ఆవిడే మీ అందరికంటే ఎక్కువ నవ్వుతారు చూడు. ఆవిడ పక్కన కూర్చుని ప్రతి డైలాగూ అనువాదం చెయ్యకు. ఎవరు ఎవరికి ఏమవుతారో ముందే ఒకసారి చెప్పి ఊరుకో.

ఇంత చెప్పేది ఎందుకంటే, ఆ మ్యూజియంలో చూడాల్సింది నవ్వు వెనకున్న పని. లూసీ గౌన్లు అందంగానే ఉంటాయి. టీవీలో నలుపు తెలుపుల్లో చూసిన బట్టలకి అసలు రంగులు ఉండటం కూడా చిత్రంగానే ఉంటుంది. ఆ మాటకొస్తే ఆవిడ ఎర్ర జుట్టు కూడా రంగేసిందే, పుట్టుకతో వచ్చింది గోధుమ రంగు. ఆ ఎరుపు ఆ షోలో ఎవరికీ కనపడకపోయినా దేశమంతటికీ తెలుసు. అవన్నీ చూడండి, ఫొటోలు తీసుకోండి, కానీ స్క్రిప్టులు, ఉత్తరాలు ఉన్న అద్దాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. జెస్ ఒపెన్‌హైమర్, మాడెలిన్ ప్యూ, బాబ్ కారల్ అనే పేర్లు కనిపిస్తే పిల్లలకి వేలుపెట్టి చూపించు. రాసింది వీళ్లు. లూసీ చెయ్యాల్సిన గంతులూ పాట్లూ మనిషికి సాధ్యమో కాదో మాడెలిన్ ముందుగా తను చేసి చూసేది. ఆ తర్వాతే కాగితం లూసీ చేతికి వెళ్లేది. 1950ల్లో ఒక ఆడమనిషి ఆ గదిలో కూర్చుని దేశం మొత్తాన్ని నవ్వించే సంగతులు రాసిందంటే మీ పెద్దదానికి తప్పక చెప్పాల్సిన విషయం. కథలు రాస్తోందిగా అది.

సెట్ల దగ్గరికి వెళ్లాక సోఫా ముందు నిలబడి ఫొటో దిగి వచ్చేయకండి. కొంచెం వెనక్కి జరిగి, ప్రేక్షకులు కూర్చునే వైపు నుంచి చూడండి. నాలుగో గోడ ఉండాల్సిన చోట మూడు కెమెరాలు, వాటి వెనక జనం ఉండేవారు. అప్పటికి చాలా కార్యక్రమాలు న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. దేశంలో మిగతావాళ్లకి టీవీ తెరనే కెమెరాతో తీసిన మసక ఫిల్ము పంపేవారు. షో కూడా న్యూయార్క్‌లోనే చెయ్యమని సి.బి.ఎస్. టీవీ సంస్థ, స్పాన్సరు చేస్తున్న సిగరెట్ కంపెనీ పట్టుబట్టాయి. లూసీ, డెసీ హాలీవుడ్ వదిలి రామన్నారు. ఫిల్ము మీద తీస్తామన్నారు, ఎదుట ప్రేక్షకులుండాలన్నారు. దానికయ్యే అదనపు ఖర్చు కోసం జీతం తగ్గించుకున్నారు, బదులుగా ఆ ఫిల్ములు తమ సొంతమయ్యేలా ఒప్పందం రాయించుకున్నారు. ఒకసారి ప్రసారమైపోయిన కామెడీకి మళ్లీ విలువ ఉంటుందని అప్పట్లో అనుకున్నవాళ్లు తక్కువ. ఇవాళ మనం ఇంట్లో కూర్చుని అంత స్పష్టంగా చూడగలుగుతున్నామంటే 35 ఎం.ఎం. ఫిల్ము మీద తీసిన ఆ నిర్ణయం వల్లే.

మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతుంటే ఒకదానికి సరిపోయిన వెలుతురు ఇంకోదానికి పాడవుతుంది. ఆ చిక్కు విప్పడానికి కార్ల్ ఫ్రాయిండ్‌ని పిలిచారు. జర్మనీలో 'మెట్రోపోలిస్' లాంటి మూకీ చిత్రాలకి కెమెరా పట్టిన పెద్దమనిషి. దీపాలన్నీ పైకెక్కించి, గది మొత్తం సమానంగా వెలిగేట్టు చేశాడు. దాంతో నటులు ఎటు తిరిగినా ఆగకుండా నాటకంలాగా సీను చెయ్యగలిగారు. వినిపించే నవ్వుల్లో లూసీ వాళ్లమ్మ నవ్వు కూడా ఉంటుంది. ఆవిడ దాదాపు ప్రతి షూటింగుకీ వచ్చి ప్రేక్షకుల్లో కూర్చునేది. ఈ సంగతి మీ అత్తగారికి చెప్పు, నచ్చుతుంది.

టానిక్కు ప్రకటన సెట్టు కూడా ఉంది. బల్ల ముందు నిలబడి, తెర మీద వచ్చే మాటలు చదువుతూ మనమూ ఆ ప్రకటన చెయ్యొచ్చు. పిల్లలు ఎలాగూ ఎగబడతారు. నువ్వూ చెయ్యి తల్లీ, సిగ్గుపడకు. ఆ ఎపిసోడ్‌లో టానిక్కులో 23 శాతం ఆల్కహాలు ఉంటుంది. లూసీకి ఆ సంగతి తెలియదు, రిహార్సలు చేసిన ప్రతిసారీ ఒక చెంచా తాగుతుంది. మొదటి చెంచాకి మొహం వికారంగా పెడుతుంది, తర్వాత అలవాటు పడుతుంది, చివరికి సీసా ఎక్కడుందో చెంచా ఎక్కడుందో తెలియని స్థితికొస్తుంది. ఒక్కో మెట్టూ ఒక్కో వెంట్రుకవాసి తేడాతో దిగుతుంది. నువ్వు నిలబడి రెండు వాక్యాలు చెప్పేసరికే మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఆ తేడా చూపించడం ఎంత కష్టమో నీకు అర్థమవుతుంది. అది అర్థమయ్యాక ఇంటికొచ్చి ఆ ఎపిసోడ్ మళ్లీ చూస్తే లూసీ మీద గౌరవం రెట్టింపవుతుంది.

ఇంకో మాట నొక్కి చెప్పాలి. వచ్చినవాళ్లందరూ లూసీ కోసం వస్తారు, డెసీని దాటుకుంటూ వెళ్లిపోతారు. మీరు అలా చెయ్యకండి. క్యూబాలోని శాంటియాగోలో మేయరు గారి అబ్బాయి. 1933లో అక్కడ ప్రభుత్వం కూలిపోయినప్పుడు సర్వం పోగొట్టుకుని కుటుంబం మయామీ చేరింది. పంజరాల్లో పిట్టల కింద శుభ్రం చేసే పని కూడా చేశాడు. తర్వాత డోలు కొట్టి, పాడి పైకొచ్చాడు. అమెరికన్ అమ్మాయికి స్పానిష్ యాసలో మాట్లాడే మొగుణ్ని జనం ఒప్పుకోరని సి.బి.ఎస్. వాళ్లు సందేహించారు. నిజజీవితంలో వాళ్లకి 1940లోనే పెళ్లయింది! అయినా వాదన పెట్టుకోకుండా 1950లో ఇద్దరూ కలిసి ఊరూరా రంగస్థలం మీద ప్రదర్శనలిచ్చి, జనం నవ్వుతున్నారని చూపించారు. ఆ ఏడే ఇద్దరి పేర్లూ కలిపి డెసిలూ అని కంపెనీ పెట్టారు. దాని లెక్కలూ, నిర్మాణమూ నడిపించిన బుర్ర డెసీది. పరాయి దేశంలో యాసతో బతుకుతున్న మనలాంటివాళ్లు ఆయన వస్తువుల ముందు ఆగకపోతే ఇంకెవరు ఆగుతారు?

ఎప్పుడో పెళ్లికి ముందు ఇద్దరూ కలుసుకున్నది ఆర్.కె.ఓ. స్టూడియోలో. షో హక్కుల్ని సి.బి.ఎస్.కి అమ్మి, 1957లో ఆ స్టూడియోనే కొనేశారు. విడాకుల సంగతి పిల్లలు అడిగితే దాచకు. 1960లో, చివరిసారి కలిసి షూటింగ్ చేసిన మర్నాడే లూసీ కోర్టుకి వెళ్లింది. 1962లో ఆయన వాటా తనే కొని స్టూడియోకి అధిపతి అయింది. 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్షం సీరియల్ ఆవిడ స్టూడియో నుంచే వచ్చిందంటే మీ చిన్నవాడు నోరెళ్లబెడతాడు. విడిపోయాక కూడా ఒకరంటే ఒకరికి అభిమానం పోలేదు.

బిడ్డ పుట్టే ఎపిసోడ్ గురించి మీ ఆడవాళ్లు ముగ్గురూ మాట్లాడుకోండి. టీవీలో కడుపుతో ఉన్న మనిషిని చూపించడమే తప్పుగా భావించిన రోజులవి. లూసీ నిజంగానే నెలలు నిండుతుంటే కథలోనూ అదే పెట్టారు. స్క్రిప్టుల్లో తప్పుపట్టేది ఏమీ లేదని చెప్పించడానికి ఒక క్యాథలిక్ ఫాదర్‌కి, ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్‌కి, ఒక యూదు రబ్బైకి చూపించారు. 1953 జనవరి 19న తెర మీద బిడ్డ పుట్టాడు, అదే రోజు ఆసుపత్రిలో లూసీకి డెసీ జూనియర్ పుట్టాడు. దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తే అంతమంది చూడలేదు.

ఇక ప్రయాణం సంగతి. జేమ్స్‌టౌన్ న్యూయార్క్ రాష్ట్రంలోనే అయినా న్యూయార్క్ నగరానికి చాలా దూరం, రాష్ట్రానికి నైరుతి మూల. విమానమైతే బఫలోలో దిగి, కారులో గంటన్నర. ఈరీ సరస్సు పక్కనుంచి వచ్చే మంచు వల్ల చలికాలంలో ఆ దారులు కష్టం, మీరు వేసవిలో వెళ్లడమే మంచిది. ఆగస్టు మొదట్లో లూసీ పుట్టినరోజు ప్రాంతంలో అక్కడ కామెడీ పండగ చేస్తారు. పేరున్న హాస్యనటులు వస్తారు, సందడి బాగుంటుంది, కానీ హోటల్ గదులు దొరకవు, సెట్ల దగ్గర నిదానంగా నిలబడటానికీ ఉండదు. పెద్దావిడతో వెళ్తున్నారు కాబట్టి నన్నడిగితే ఆ వారం వదిలేసి వెళ్లండి. తెరిచే వేళలు సీజన్ని బట్టి మారతాయి, బయల్దేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకో.

నడిచి వెళ్లేంత దూరంలోనే 2018లో తెరిచిన నేషనల్ కామెడీ సెంటర్ ఉంది. చేతికి ఒక పట్టీ కట్టి, మీకు ఎలాంటి హాస్యం ఇష్టమో అడిగి, దాన్ని బట్టి తెరల మీద చూపిస్తారు. పిల్లలకి పండగే. రెండూ ఒకే రోజు చూడాలని చూడకండి. లూసీ మ్యూజియం ముందు, సెంటర్ మర్నాడు. ఆ మెరుపులూ తెరలూ చూశాక అద్దాల వెనకున్న కాగితాలు పిల్లల కంటికి ఆనవు. సెంటర్లో కింది అంతస్తులో పెద్దవాళ్ల హాస్యానికి వేరే గది ఉంది, పిల్లలతో అటు వెళ్లొద్దు.

సమయం మిగిలితే పక్కనే సరస్సు ఒడ్డున సెలొరాన్ అనే చిన్న ఊరుంది, లూసీ పెరిగింది అక్కడ. మూడున్నరేళ్ల వయసులో తండ్రి టైఫాయిడ్‌తో పోతే, తాతగారే ఆ పిల్లని నాటకాలకీ వినోద ప్రదర్శనలకీ తీసుకెళ్లేవాడు. పార్కులో 2016లో పెట్టిన విగ్రహం చూడండి, చక్కగా ఉంటుంది. అంతకుముందుది బాగాలేదని జనం గోల చేస్తే ఇది పెట్టారు. ఆవిడ చిన్నప్పటి ఇల్లు కూడా కనిపిస్తుంది, అయితే అది వేరేవాళ్ల సొంత ఇల్లు. రోడ్డు మీద నుంచే చూసి వచ్చేయండి. జేమ్స్‌టౌన్‌లో లేక్ వ్యూ శ్మశానంలో లూసీ అస్థికలు కుటుంబం పక్కనే ఉన్నాయి. పిల్లలు అలిసిపోతే ఇది మానేసినా ఫరవాలేదు.

మ్యూజియంలో పనిచేసే పెద్దవాళ్లని తప్పకుండా పలకరించు. "మీకు బాగా ఇష్టమైన ఎపిసోడ్ ఏది?" అని ఒక్క మాట అడిగితే చాలు, ఏ వస్తువు ఎందుకు ముఖ్యమో వాళ్లే చెప్పుకొస్తారు. తొందర ఉందని మధ్యలో కదలకు.

మీ అత్తగారికి కూర్చునే చోటు ఎక్కడుందో లోపలికి వెళ్లగానే కనుక్కో. ఆవిడ కళ్లజోడు మర్చిపోకండి, అక్కడి కాగితాల మీద అక్షరాలు చిన్నవి. తిరిగి వచ్చాక ఎవరు దేని ముందు ఎక్కువసేపు నిలబడ్డారో నాకు ఫోన్ చేసి వివరంగా చెప్పు. మొదట ఆవిడకి ఇవ్వు ఫోను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ